గాలానికి టైమ్ మిగిల్చే ఉద్యోగం ఏది?

ప్రశ్న: అన్నా, నమస్తే. నాకు 24 ఏళ్లు. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ అయిపోయింది. నాచారంలో అద్దెకు ఉంటున్నాం, సొంతూరు భువనగిరి దగ్గర. చిన్నప్పుడు తాత వెంట చెరువు కట్ట మీద కూర్చుని గాలం వేయడం నేర్చుకున్నాను, ఇప్పటికీ అదంటే ప్రాణం. ఇప్పుడు చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి తుర్కపల్లి వైపు ఫార్మా కంపెనీలో క్యూసీ కెమిస్ట్, అంటే మందుల నాణ్యత పరీక్షించే పని, మూడు షిఫ్టులు, నెలకు 22 వేలు. రెండోది హైటెక్ సిటీలో మెడికల్ కోడింగ్, అంటే ఆసుపత్రి రికార్డులను కోడ్‌లుగా మార్చే పని, పగటి డ్యూటీ, శని ఆదివారాలు సెలవు, 28 వేలు. నాన్నేమో రెండూ వద్దు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవ్వమంటున్నారు. చేపలు పట్టుకోవడానికి టైమ్ దొరికే ఉద్యోగం కావాలంటే ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. మీరైనా సూటిగా చెప్పండి.
– ఒక పాఠకుడు, నాచారం

జవాబు: తమ్ముడూ, నవ్వేవాళ్లను నవ్వనీ. జీతం చూసి ఉద్యోగంలో చేరేవాళ్లున్నారు, పెళ్లి సంబంధాలు వస్తాయని చేరేవాళ్లున్నారు, నువ్వు టైమ్ చూసి చేరతానంటున్నావు, ఇందులో తప్పు పట్టాల్సింది నాకేం కనిపించలేదు. కాకపోతే టైమ్‌ని లెక్కేసే పద్ధతి ఒకటుంది. అందరూ ఏడాదికి సెలవులెన్ని అని అడుగుతారు. గాలం వేసేవాడు అడగాల్సింది రోజులో ఏ గంటలు నా చేతిలో ఉంటాయి అని. ఎందుకంటే చేప నీ సెలవు చూసుకుని ఎర ముట్టదు.

నీకు తెలిసే ఉంటుంది, అయినా ఉద్యోగంతో ముడిపెట్టి చెప్తాను. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరుకు ముందే తెల్లారిపోతుంది, తొమ్మిది దాటితే ఎండ మండుతుంది, బొచ్చె, రోహు అన్నీ లోతుకు దిగిపోతాయి, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత గాని కదలవు. డిసెంబరు, జనవరిలో దీనికి పూర్తిగా తలకిందులు. తెల్లారేసరికే ఆరూ ముప్పావు అవుతుంది, నీళ్లు చల్లగా ఉంటాయి, పది గంటలకు ఎండ కాస్త గట్టిపడ్డాక గాని దారానికి కట్టిన బెండు మునగదు. ఇంకో సంగతి, చీకటితోనే లేచి వెళ్తే ఎక్కువ పడతాయనుకుంటారు చాలామంది. పచ్చగా పాకుడు పట్టిన చెరువుల్లో అది నిజం కాదు. రాత్రంతా నీళ్లలోని నాచు కూడా ప్రాణవాయువును వాడేసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. అప్పుడు బొచ్చెలు పైకొచ్చి నోళ్లు తెరిచి మూస్తుంటాయి, అవి మేతకు వచ్చాయనుకుని ఎర వేస్తే వాసన కూడా చూడవు. ఎండ పొడ నీళ్ల మీద పడి గంటైనా గడవాలి. అంటే ఏడాది మొత్తం మీద నీకు కావాల్సింది ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం దాకా ఉండే గంటలు, అవీ వారం మధ్యలో, కట్ట మీద జనం లేని రోజుల్లో.

ఇప్పుడు ఆఫర్లు చూద్దాం. హైటెక్ సిటీ ఉద్యోగంలో శని ఆదివారాలు సెలవు. వినడానికి బాగానే ఉంది. కానీ ఉప్పల్ పక్క నుంచి రోజూ హబ్సిగూడలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి ఆఫీసుకి చేరేసరికి ఒక వైపుకే గంట పైనే, రాను పోను రోజుకి రెండున్నర గంటలనుకో. మామూలు రోజుల్లో గాలం మాటే లేదు. ఇక వారాంతం అంటావా, మన ఇళ్లల్లో పెళ్లి, గృహప్రవేశం, బారసాల, బంధువులు రావడం, గ్యాస్ స్టవ్ రిపేరు, అన్నీ ఆ రెండు రోజుల్లోనే. పైగా ఆదివారం శామీర్‌పేట చెరువు చూశావా, కార్లు, బైకులు, ఫొటోషూట్లు. ఐదేళ్లు పోయాక ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ రెండు రోజుల్లో ఒక పూట నీదని చెప్పుకోవడానికి కూడా టెన్షన్ పడాలి.

ఫార్మా షిఫ్టులంటే అందరూ భయపడతారు. చాలా కంపెనీల్లో ‘ఏ’ షిఫ్ట్ ఉదయం 6 నుంచి 2, బీ షిఫ్ట్ 2 నుంచి రాత్రి 10, సీ షిఫ్ట్ 10 నుంచి ఉదయం 6, వారం వారం మారుతుంటాయి. నీ కళ్లతో చూస్తే బీ షిఫ్ట్ వారం పండగ. రాత్రి పదకొండున్నరకు పడుకున్నా ఆరున్నరకు లేచి ఏడుకి కట్ట మీద ఉండొచ్చు, పదకొండు దాకా కూర్చుని, గదికొచ్చి స్నానం చేసి తిని బస్సెక్కొచ్చు. ‘ఏ’ షిఫ్ట్ వారంలో ఎండాకాలం సాయంత్రాలు నీవి. సీ షిఫ్ట్ వారం మాత్రం గాలం సంచి ముట్టుకోకు. నైట్ డ్యూటీ దిగి అటు నుంచి అటే చెరువుకి పోయే కుర్రాళ్లను చాలామందిని చూశాను, ఆ నిద్రమత్తులో బైక్ నడపడం ఒక ఎత్తు, జారుడు బండల మీద లోతు నీళ్ల పక్కన కూర్చోవడం ఇంకో ఎత్తు. వద్దు, గట్టిగా చెప్తున్నా, వద్దే వద్దు.

నీ ఆఫర్‌లో ఇంకో మంచి సంగతి ఉంది, నువ్వే గమనించలేదు. తుర్కపల్లి అంటే ఫార్మా, బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ. శామీర్‌పేట చెరువు దారిలోనే ఉంది. నాచారం నుంచి రోజూ వచ్చిపోతే నీ టైమంతా రోడ్డే తినేస్తుంది, బైక్ మీద ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుదామన్నా టూవీలర్లను రానివ్వరు, సర్వీస్ రోడ్డే గతి. అదే అల్వాల్ దాటాక గానీ శామీర్‌పేటలో గానీ ఇంకొకరితో కలిసి గది తీసుకుంటే పనికీ చెరువుకీ దగ్గర. ఆరు వేల జీతం తేడాలో కొంత అక్కడే పూడుతుంది.

అయితే కళ్లు మూసుకుని చేరిపోకు. హెచ్‌ఆర్ వాళ్లను కాదు, ఆ కంపెనీలో ఇప్పుడు పనిచేస్తున్న నీలాంటి కెమిస్ట్‌ని గేటు బయట టీ కొట్టు దగ్గర పట్టుకుని అడుగు. రోస్టర్ ఎన్ని రోజుల ముందు ఇస్తారు? నీ తర్వాత డ్యూటీకి రావాల్సిన రిలీవర్ రాకపోతే నిన్నే ఇంకో షిఫ్ట్ ఉండమంటారా, అలా నెలకు ఎన్నిసార్లు? వీక్లీ ఆఫ్ ఒకే రోజా, మారుతూ ఉంటుందా? అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకి వస్తున్నారంటే క్యూసీ ల్యాబ్‌లో లీవులు ఆపేయడం మామూలే, దానికి సిద్ధపడు, కానీ ఏడాది పొడుగునా అదే సాకు చెప్పే చోటైతే బీ షిఫ్ట్ కాగితం మీదే ఉంటుంది. వారానికి 48 గంటలు దాటి ఫ్యాక్టరీలో పనిచేయిస్తే రెట్టింపు వేతనం ఇవ్వాలని, పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు జీతంతో కూడిన సెలవు రావాలని చట్టంలో ఉంది. ఆ మాట ఎత్తితే ముఖం మాడ్చుకునే సంస్థలో నీ ఉదయాలు నీకు మిగలవు.

ఇక నాన్నగారి మాట. దాన్ని కొట్టిపారేయకు, కానీ గ్రూప్స్‌లో ఏ పోస్టు అన్నది ముఖ్యం. నాయబ్ తహసీల్దార్ అయితే చెరువులు నిండే రోజుల్లోనే, అంటే వానలు దంచికొట్టేటప్పుడే, ఫోన్ పక్కన పెట్టుకుని గండ్లు, ముంపులు చూసుకుంటూ తిరగాలి. ఎక్సైజ్ ఎస్సైకి రాత్రీ పగలూ తేడా లేదు. నన్నడిగితే గాలం పిచ్చి ఉన్నవాడికి గ్రూప్-4లో వచ్చే జూనియర్ అసిస్టెంట్ పోస్టును మించింది లేదు. చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, మన రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులు పదిన్నరకు మొదలై ఐదుకి ముగుస్తాయి. భువనగిరి లాంటి చోట పోస్టింగ్ వస్తే రోజూ తొమ్మిదింటి దాకా చెరువు నీదే, డిసెంబరు, జనవరి తప్ప ఏడాదంతా. టీచర్ ఉద్యోగం గురించి కూడా అడుగుతావేమో. బీఈడీ రెండేళ్లు, ఆపైన టెట్, డీఎస్సీ. సెలవులు నిజంగానే ఎక్కువ, కానీ పెద్ద సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా. మన ఊరి చెరువుల్లో నీళ్లు అడుగంటేది అప్పుడే, సొసైటీ వాళ్లు వలలేసి చేపలన్నీ తీసేసేదీ ఆ నెలల్లోనే. దసరా సెలవులు మాత్రం బంగారం, చెరువులు నిండుగా ఉంటాయి.

సొసైటీ అన్నాను కాబట్టి ఇది కూడా విను. ఊరి చెరువు మీద చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది, ముదిరాజ్‌లు, గంగపుత్రులు దాని మీదే బతుకుతారు. నువ్వు టైమ్‌పాస్‌కి వేసే గాలం వాళ్లకు కూడు. సంఘం పెద్దను కలిసి అడిగి కూర్చో, డబ్బు అడిగితే ఇవ్వు, పట్టింది చూపించు. అలా మర్యాదగా మసలుకున్నవాణ్ణి ఏ చెరువు మీదా ఎవరూ లేపలేదు. మంజీరా దగ్గర సంగారెడ్డి వైపు అభయారణ్యం ఉంది, అక్కడ చేపలు పట్టకూడదు, మొసళ్లు కూడా ఉన్నాయి, అటు పోకు. మురుగు కలిసే హుస్సేన్ సాగర్ చేప ఇంటికి తేకు. వానల మొదట్లో చెరువు అంచున తుంగ పక్కన నీళ్ల మీద ఎర్రగా చిన్న చిన్న చేప పిల్లల గుంపొకటి ముద్దగా కదులుతూ కనిపిస్తే అది కొర్రమీను సంసారం, కిందే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. అప్పుడు ఎరగా రబ్బరు కప్ప వేస్తే వెంటనే కొడుతుంది, ఆకలేసి కాదు, పిల్లల మీదికి వచ్చిందని. దాన్ని లాగేస్తే ఆ పిల్లలన్నీ మిగతా చేపల నోట్లోకే. మన రాష్ట్ర చేప అది, ఆ కొన్ని వారాలు వదిలెయ్.

కాబట్టి నా మాట: టీ కొట్టు దగ్గర మంచి జవాబులొస్తే ఫార్మాలో చేరు. గ్రూప్-4 నోటిఫికేషన్ పడితే అప్లై చెయ్, నాన్నకి ఆ మాట చెప్పు. బీ షిఫ్ట్ వారాల్లో ఒక రోజు గాలం, ఒక రోజు పుస్తకం అనుకుంటే ఆయనా కాదనరు.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ బైపీసీ సెకండియర్. నాన్న ఆదివారాలు హిమాయత్ సాగర్ వైపు గాలానికి వెళ్తే నేనూ వెళ్తాను. బీఎఫ్‌ఎస్సీ, అంటే మత్స్యశాస్త్రం డిగ్రీ, చేస్తే రోజంతా చేపల దగ్గరే ఉండొచ్చు కదా, అదే మంచిదంటారా?
– ఒక విద్యార్థిని, రాజేంద్రనగర్

జవాబు: అమ్మా, రోజంతా చేపల దగ్గరే ఉంటావు, గాలం మాత్రం పట్టుకోవు. ఈ తేడా నీకు ముందే తెలియాలి. మీ ఇంటి దగ్గరే, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద శంషాబాద్ వైపు పోతుంటే పెద్ద చేప ఆకారంలో బిల్డింగ్ కనిపిస్తుంది కదా, అది జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు, 2006లో మొదలైంది. బీఎఫ్‌ఎస్సీ నాలుగేళ్ల కోర్సు. మన రాష్ట్రంలో వనపర్తి జిల్లా పెబ్బేరులో కాలేజీ ఉంది, పీవీ నరసింహారావు పేరు మీదున్న వెటర్నరీ యూనివర్సిటీ కింద నడుస్తుంది. ఎంసెట్ అని మనం ఇంకా అంటున్న ఈఏపీసెట్‌లో బైపీసీ ర్యాంకు కావాలి.

పని ఎలా ఉంటుందో ఒక్కటి చెప్తాను. రోహు, బొచ్చె చెరువుల్లో నిలవ నీళ్లలో వాటంతట అవి గుడ్లు పెట్టవు, పారే నది నీళ్లు కావాలి. 1957 జులై 10న ఒడిశాలో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలికున్హి ఈ కోవకు చెందిన చేపలకు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించారు. అందుకే ఇప్పటికీ జులై 10ని మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నాం. చేప పిల్లలను పుట్టించే హేచరీలో అదే పని నేటికీ సాగుతోంది. సాయంత్రం తల్లి చేపను తడిగుడ్డలో పట్టుకుని వీపు రెక్క పక్కన సూది వేస్తారు, తొట్టెలో వదిలి రాత్రంతా నీళ్లు తిరుగుతున్నాయా లేదా అని చూస్తూ కూర్చుంటారు, తెల్లవారేలోపు గుడ్లు వచ్చేస్తాయి. ముత్యాల్లా తేలే ఆ గుడ్లను గిన్నెలో ఎత్తి చూసినప్పుడు కలిగే సంతోషం వేరు. కానీ జూన్ నుంచి ఆగస్టు దాకా నిద్ర ఉండదు, ఆ వెంటనే చెరువుల్లో పిల్లలు వదిలే పని. మీ నాన్నతో గడిపే ఆదివారాలు ఆ నెలల్లో పోతాయి. ఆ సూది, ఆ తొట్టె, నీళ్ల పరీక్షలు నీకు ఆసక్తిగా అనిపిస్తే కళ్లు మూసుకుని చేరు, ఆడపిల్లలు ఈ రంగంలోకి ఇంకా రావాలి. బెండు మునిగే క్షణం కోసమే అయితే వేరే చదువు చదువుకో, గాలం పక్కన ఉంటుంది.

ప్రశ్న: అన్నయ్య గారూ, మావారు ఒక కంపెనీలో ఏసీ టెక్నీషియన్. 38 ఏళ్లు. ఉద్యోగం మానేసి సొంతంగా చేసుకుంటే చేపలకు వెళ్లే తీరిక దొరుకుతుందంటున్నారు. లేదంటే క్యాబ్ కొంటారట. ఇద్దరు పిల్లలు, ఇంటి లోన్. నాకు గుండెల్లో రాయి పడింది.
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: చెల్లెమ్మా, క్యాబ్ మాత్రం వద్దని నా మాటగా చెప్పు. క్యాబ్‌కి గిరాకీ ఉండేది ఉదయం ఏడు నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి రాత్రి దాకా. సరిగ్గా చేపలు పడే వేళలు. రెండిట్లో ఏదో ఒకటి వదులుకోవాలి, ఈఎంఐ ఉన్నవాడు ఏది వదులుకుంటాడో నీకు తెలుసు.

ఏసీ పని మాత్రం ఆలోచించదగ్గదే, ఇంకా చెప్పాలంటే గాలం వేసేవాడికి ఇంత చక్కగా కుదిరే పని నాకు ఇంకోటి తట్టడం లేదు. ఫిబ్రవరి చివరి నుంచి జూన్ దాకా ఊపిరాడని పని, చెరువులు ఎండేదీ అప్పుడే. వానలు పడ్డాక పని తగ్గుతుంది, చెరువులు నిండుతాయి. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఆయన కోరుకున్నంత తీరిక. కానీ ఆ ఖాళీ నెలల్లో ఇల్లు గడవాలి కదా. అందుకని ఉద్యోగం వదిలే ముందే ఆరు నెలల ఈఎంఐ, జూన్‌లో కట్టే స్కూల్ ఫీజులు విడిగా ఒక ఖాతాలో ఉండాలి, అందులో ఆయన చెయ్యి పెట్టకూడదు. అపార్ట్‌మెంట్లతో, చిన్న క్లినిక్‌లతో ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందాలు ఎన్ని కుదిరాయో కాగితం మీద చూపించమను. పీఎఫ్ డబ్బు పెట్టుబడిగా పెట్టనివ్వకు. ఇవి కుదిరాకే రాజీనామా. ఇంకో మాట, ఎండాకాలం నాలుగు నెలలు గాలం అటక మీదే ఉండాలని ముందే ఒప్పించు. మృగశిర కార్తె రోజు ఇంట్లో చేపల పులుసు కావాలంటే అందరిలాగే రాంనగర్ మార్కెట్‌కి వెళ్లి కొనుక్కురావాలి.

ప్రశ్న: బ్యాంకులో పనిచేస్తున్నాను, 52 ఏళ్లు. రిటైరయ్యాక తీరిగ్గా గాలం నేర్చుకుందామని ఆలోచన. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఎనిమిదేళ్లు ఎందుకండీ ఆగడం? 2015 సెప్టెంబరు నుంచి మీకు రెండో, నాలుగో శనివారాలు సెలవే కదా. అరవై ఏళ్లకు కట్ట దిగి ఎక్కడానికి మోకాళ్లు సహకరించాలి, జుట్టంత సన్నని దారాన్ని కొక్కెం కంట్లోంచి దూర్చి ముడి వేయడానికి చూపు సహకరించాలి. ఆ ముడి ఇప్పుడు చేతికి అలవాటైతే అప్పుడు కళ్లజోడుతో అయినా వేయగలరు. రీలు, ఖరీదైన రాడ్ ఏమీ కొనకండి. ఒక వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలి ఈక బెండు, చిన్న కొక్కేలు చాలు. వేరుశనగ చెక్క, తవుడు కలిపి మెత్తగా ముద్ద చేసి, శనగగింజంత తీసుకుని కొక్కెం మొన కప్పేలా పెట్టండి. ఊళ్లో బంధువులుంటే వాళ్ల చెరువు మీద, సంఘం వాళ్లను అడిగి మొదలుపెట్టండి, లేదా డబ్బు తీసుకుని గాలం వేయనిచ్చే ప్రైవేటు చెరువుకి వెళ్లండి. మీ బ్రాంచిలో క్యాష్ దగ్గర కూర్చునేవాళ్లలోనో, సెక్యూరిటీ గార్డుల్లోనో గాలం వేసేవాళ్లు ఒకరైనా ఉంటారు, వాళ్లతో వెళ్తే నా జవాబు కంటే ఎక్కువ నేర్పుతారు.